సుగిహరా సినిమా ప్రదర్శన: పనులు ఎవరెవరు తీసుకుంటున్నారు?

హాలు, అనుమతులు:
అందరికీ నమస్కారం. మనం వేసేది 2015 నాటి జపాన్ సినిమా 'పర్సోనా నాన్ గ్రాటా', నిడివి 139 నిమిషాలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యూదు శరణార్థులకు వీసాలిచ్చిన జపాన్ అధికారి సుగిహరా కథ ఇది. పరిచయం 10, ఇంటర్వెల్ 20, చర్చ 30 కలిపితే 199. కుర్చీలు వేయడానికీ తీయడానికీ చెరో 45. అందుకని హాలు 5 గంటల పాటు తీసుకుందాం. టికెట్ పెట్టకపోయినా ఇంటి డిస్క్ ఇక్కడ హాల్లో వేయకూడదు. హక్కుదారుల నుంచి రాతపూర్వక అనుమతి రావాలి. అడిగే ఉత్తరంలోనే తేదీ, సీట్ల సంఖ్య, తెలుగు సబ్‌టైటిల్స్ సంగతి రాయండి.

సబ్‌టైటిల్స్:
అన్నా, డిస్క్ బదులు ఫైలే అడగండి. సెకనుకు ఎన్ని ఫ్రేములో కూడా కనుక్కోండి. 23.976కి కట్టిన సబ్‌టైటిల్స్ 25 ఫ్రేముల ఫైల్‌కి పెడితే చివరికొచ్చేసరికి ఐదు నిమిషాలకు పైగా తేడా వస్తుంది. మొదటి పది నిమిషాలే చూసి సరిపోయిందనుకోవద్దు, చివరి సీను కూడా చూడాలి. ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి, లేదంటే అక్షరాలు చెత్తగా వస్తాయి. హాలు లాప్‌టాప్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే గళ్లే కనిపిస్తాయి, కాబట్టి మన లాప్‌టాపే తీసుకెళ్దాం. రెండు లైన్లకు మించొద్దు. లైన్ల మధ్య ఎడం పెంచకపోతే పై లైను వత్తులు కింది గుడులకు తగులుతాయి.

పోస్టర్లు, కరపత్రం:
కరపత్రంలో ఆయన్ని రాయబారి అన్నారు. సుగిహరా లిథువేనియాలోని కౌనస్‌లో జపాన్ వైస్ కాన్సుల్, రాయబారి కంటే చిన్న పదవి. '6,000 వీసాలు' కూడా తీసేయండి అక్కా. ఆయన జాబితాలో ఉన్నవి 2,139 పేర్లు. ఒకే వీసా మీద కుటుంబమంతా వెళ్లినవాళ్లున్నారు కాబట్టి 6,000 అనేది మనుషుల అంచనా మాత్రమే. 'ఆజ్ఞ ధిక్కరించాడు' అని ఊరికే వదలకండి. గమ్యదేశం అనుమతి, చేతిలో సరిపడా డబ్బు లేనివాళ్లకు ట్రాన్సిట్ వీసా (జపాన్ మీదుగా వేరే దేశానికి వెళ్లేందుకు ఇచ్చేది) ఇవ్వొద్దన్నది టోక్యో మాట. 1940 జులై, ఆగస్టుల్లో అవి లేనివాళ్లకూ ఆయన ఇచ్చాడు.

నా పట్టుదల ఒక్కటే: యాన్ జ్వార్టెండైక్‌కి సగం పోస్టరైనా ఇవ్వాలి. ఫిలిప్స్ కంపెనీ మనిషి, కౌనస్‌లో డచ్ కాన్సుల్. కరీబియన్‌లోని డచ్ దీవి కురసావోకి వీసా అక్కర్లేదని పాస్‌పోర్టుల్లో రాసిచ్చింది ఆయనే. ఎంతోమందికి చూపించడానికి గమ్యమంటూ దొరికింది ఆ రాతతోనే. ఈయన పేరు లేకుండా సుగిహరా ఒక్కడే అంతా చేసినట్టు చెబితే అన్యాయం.

మ్యాప్ ఏ0 సైజులో: కౌనస్, మాస్కో, వ్లాదివొస్తోక్, అక్కణ్నుంచి ఓడలో త్సురుగా, ఆపైన కోబె, షాంఘై. ప్రింటుకి ఎవరు వెళ్తారు?

హాలు, అనుమతులు:
ప్రింటు నేను చూస్తాను. సమోసాలు, టీ వరండాలోనే, లోపలికి వద్దు. చిన్నపిల్లలకు పక్క గది అడిగాను, అక్కడ ఇద్దరు పెద్దవాళ్లు కావాలి.