రెండో పిక్‌లో రన్నింగ్ బ్యాకా? 2018 బార్క్లీ పంచాయితీ మళ్లీ

నాలుగో_డౌన్:
రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) సేక్వాన్ బార్క్లీ 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఈగల్స్ తరఫున 2,005 యార్డులు పరిగెత్తి, సూపర్ బౌల్ కూడా గెలిచాక, "చూశారా, 2018 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోటు) జెయింట్స్ రెండో పిక్‌లో తీసుకోవడం కరెక్టే" అనేవాళ్లు ఎక్కువయ్యారు. కరెక్టు కాదు. ఎందుకో చెప్తాను.

లీగ్, ఆటగాళ్ల సంఘం చేసుకున్న 2011 ఒప్పందం నుంచి రూకీ (కొత్త ఆటగాడు) జీతం పిక్ నంబరును బట్టి ఉంటుంది, పొజిషన్‌ను బట్టి కాదు. 2018 రెండో పిక్ అంటే నాలుగేళ్లకు సుమారు 31 మిలియన్ డాలర్లు, ఏడాదికి 7.8. ఆ వేసవిలో రామ్స్ తన రన్నింగ్ బ్యాక్ గర్లీకి ఇచ్చిన రికార్డు ఒప్పందం ఏడాదికి 14 పైచిలుకు. అంటే బార్క్లీ లీగ్‌లోకెల్లా మొనగాడైనా జట్టుకు ఏడాదికి మిగిలేది ఆరున్నర. అదే 7.8కి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) కుదిరితే? ఆ ఏడాదే వైకింగ్స్ కజిన్స్‌కి 28 ఇచ్చింది. మిగులు 20.

ఎవరూ నచ్చకపోతే పిక్ అమ్ముకోవచ్చు. ఆ మార్చిలో ఆరు నుంచి మూడుకు ఎక్కడానికి జెట్స్ ఏమిచ్చిందో గుర్తుందా? 6, 37, 49, పైగా 2019 రెండో రౌండ్ పిక్. కోల్ట్స్ అందులో 6తో క్వెంటన్ నెల్సన్‌ను, 37తో బ్రేడెన్ స్మిత్‌ను తెచ్చుకుంది. ఇద్దరూ లైన్‌మెన్ (ముందు నిలబడి ప్రత్యర్థుల్ని అడ్డుకునేవాళ్లు). ఏళ్లపాటు నిలబడ్డారు.

జెర్సీ_బాబాయ్:
"కుదిరితే" అన్న ఒక్క మాట మీద ఇల్లు కట్టేశారు. జెట్స్ అలా ఎక్కి తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ డార్నాల్డ్ మూడో పిక్. మూడేళ్లకే జెట్స్ పాంథర్స్‌కి సాగనంపింది. 2024లో వైకింగ్స్‌లో వెలిగాడు సరే, జెట్స్‌కి ఒరిగిందేంటి? ఇంకో క్వార్టర్‌బ్యాక్ రోజెన్ పదో పిక్, ఒక్క ఏడాదికే అరిజోనా వదిలించుకుంది. బార్క్లీ మొదటి ఏడాదే 1,307 పరుగెత్తాడు, 91 క్యాచ్‌లు పట్టాడు, మొత్తం 2,028 యార్డులు. రూకీ ఆఫ్ ది ఇయర్. 91 క్యాచ్‌లండీ! అంతకుముందు ఏ రూకీ బ్యాక్ పట్టాడు?

ఉప్మా_హడల్:
అదే డ్రాఫ్ట్‌లో క్వార్టర్‌బ్యాక్‌లు అలెన్ 7, లామార్ 32. బాబాయ్ గారి జాబితాలో ఆ రెండు పేర్లు భలే జారిపోయాయి.

నాలుగో_డౌన్:
ఆ 91 క్యాచ్‌లకు వచ్చింది 721 యార్డులు. క్యాచ్‌కి 7.9. ఎందుకన్ని వచ్చాయంటే లైన్ నిలబడలేదు కాబట్టి. ఈలై మ్యానింగ్‌కి 37 ఏళ్లు, ఆ సీజన్‌లో 47 సార్లు సాక్ అయ్యాడు (బంతి విసిరేలోపే దొరికిపోయాడు). పైన రిసీవర్ ఖాళీ అయ్యేలోపు అవతలి డిఫెన్స్ మీద పడుతుంది, బంతి పక్కనున్న బ్యాక్‌కి వెళ్తుంది. థర్డ్ అండ్ 10లో (మూడో ప్రయత్నం, ఇంకా పది యార్డులు కావాలి) ఎనిమిది యార్డుల క్యాచ్ పట్టాక ఏం చేస్తారు, పంట్ కొట్టి బంతి అవతలివాళ్లకి ఇచ్చెయ్యడమే కదా. జట్టు 5-11 (ఐదు గెలుపులు, పదకొండు ఓటములు).

జెర్సీ_బాబాయ్:
అంటే 91 తప్పంటారు. పట్టకుండా వదిలేస్తే బాగుండేదా?

నాలుగో_డౌన్:
నేనన్నది అది కాదు.

ఫిల్లీ_సుబ్బు:
లైన్ సంగతి వచ్చింది కాబట్టి. 2023 జెయింట్స్‌లో బార్క్లీ: 247 క్యారీలు (బంతితో పరుగులు), 962 యార్డులు, సగటు 3.9. 2024 ఈగల్స్: 345 క్యారీలు, 2,005 యార్డులు, సగటు 5.8. మనిషి అతనే, మోకాలు ఇంకో ఏడాది పాతబడింది. మరి ఏం మారింది?

జోన్ రీడ్ అనే ఎత్తు ఒక్కటి చూడండి. వెనక వైపు డిఫెన్సివ్ ఎండ్‌ను (ప్రత్యర్థి లైన్ చివరివాడు) ఎవరూ బ్లాక్ చెయ్యరు, కావాలనే వదిలేస్తారు. వాడు బార్క్లీ వెంట పడితే క్వార్టర్‌బ్యాక్ హర్ట్స్ బంతి ఉంచుకుని వాడు ఖాళీ చేసిన వైపు పరిగెత్తుతాడు. అందుకని వాడు కాళ్లు నాటుకుని ఒక క్షణం ఆగాలి. ఆ క్షణంతో ఒక డిఫెండర్ ఆటలో లేనట్టే. ఇటు లైన్‌మెన్ మైలాటా, డికర్సన్ ఇద్దరూ కలిసి ప్రత్యర్థి టాకిల్‌ను (లైన్ మధ్యలోవాడు) పక్కకి తోస్తారు. వాడు కదలగానే ఒకడు విడిపోయి లైన్‌బ్యాకర్ (లైన్ వెనక డిఫెండర్) మీదికి వెళ్తాడు. ఇక్కడే చాలా జట్లు చెడతాయి. తొందరగా విడిపోతే టాకిల్ దూరిపోతాడు, ఆలస్యమైతే లైన్‌బ్యాకర్ గ్యాప్‌లోకి వచ్చేస్తాడు. బయట రిసీవర్లు ఏజే బ్రౌన్, డెవాంటా స్మిత్ ఉన్నారు కాబట్టి సేఫ్టీలు (అందరికంటే వెనకుండే డిఫెండర్లు) ఇద్దరూ లోతుగా నిలబడాలి, బాక్స్‌లో (లైన్ దగ్గర) ఆరుగురే మిగులుతారు. బార్క్లీ మొదటి ఐదు యార్డులు ఎవరి చేయీ తగలకుండా వెళ్తాడు. ఆ తర్వాత సేఫ్టీతో ఒంటరి పోరు. రామ్స్ మీద మంచులో 62, 78 యార్డుల పరుగులు వచ్చింది అలాగే.

జెర్సీ_బాబాయ్:
ఆ లైనే అంతా చేస్తే ముందు ఏడాది ఈగల్స్ బ్యాక్ స్విఫ్ట్ ఎందుకు చెయ్యలేదు సుబ్బూ? 2023లో దాదాపు అదే లైన్, పైగా లైన్‌మన్ కెల్సీ కూడా ఉన్నాడు. 229 క్యారీలు, 1,049 యార్డులు, సగటు 4.6.

నాలుగో_డౌన్:
బాబాయ్ గారూ, నా పని మీరే తేలిక చేశారు. 5.8లో 4.6 పోతే 1.2. దాన్ని 345తో గుణిస్తే 414 యార్డులు. స్విఫ్ట్ కంటే బార్క్లీ ఎక్కువ తెచ్చింది అంతే, 17 మ్యాచ్‌ల సీజన్‌లో. మంచిదే, కొనొచ్చు. కానీ ఈగల్స్ కొన్నది మార్కెట్‌లో, మూడేళ్లకు 37.75 మిలియన్లకు. పిక్ ఒక్కటీ ఖర్చు కాలేదు. స్విఫ్ట్‌ను లయన్స్ నుంచి తెచ్చుకున్నదీ ఒక నాలుగో రౌండ్ పిక్, ఏడో రౌండ్ పిక్‌ల మార్పిడితోనే.

ఆదివారం_మేళం:
కాన్సస్ సిటీ బ్యాక్ పచెకో ఏడో రౌండ్, 251వ పిక్. అతనితో ఆ జట్టు రెండు కప్పులు కొట్టింది. ఇక దుకాణం మూసేద్దామా?

జెర్సీ_బాబాయ్:
పచెకోకి క్వార్టర్‌బ్యాక్‌గా మహోమ్స్ ఉన్నాడు. మీరు చెప్పండి డౌన్ గారూ, 414 యార్డులంటే లెక్కలేదా? అందులో 60 దాటిన పరుగులు ఎన్నో చూశారా? సగటు తీస్తే అవన్నీ కరిగిపోతాయి. మ్యాచ్ తిప్పేవి అవే.

నాలుగో_డౌన్:
మీకు ధర అంటే ఏమిటో ఎక్కడం లేదు. నేను మంచి ఆటగాడు కాదనడం లేదని ఇది మూడోసారి చెప్పడం.

జెర్సీ_బాబాయ్:
ఎక్కుతోంది. నువ్వు "మిగులు, మిగులు" అంటున్నావు చూడు, ఆ మిగులు ఎవరి జేబులోంచి వస్తోందో చెప్పు. బ్యాక్‌కి మంచి వయసు 21 నుంచి 26. ఆ ఆరేళ్లూ జట్టు గుప్పిట్లోనే. రూకీ ఒప్పందం నాలుగేళ్లు, ఐదో ఏడాది ఆప్షన్ (జట్టు ఇష్టం మీద ఒక ఏడాది పొడిగింపు) 7.2 మిలియన్లు, ఆరో ఏడాది ట్యాగ్ (ఇంకో ఏడాది బయటికి పోకుండా ఆపే హక్కు) 10.1. చేతికి స్వేచ్ఛ వచ్చేసరికి వాడికి 27. అప్పుడు మీలాంటి వాళ్లే "రన్నింగ్ బ్యాక్‌కి రెండో ఒప్పందం ఇవ్వకూడదు" అంటారు. మొదటి రౌండ్‌లో తీసుకోవద్దు, తర్వాత డబ్బివ్వొద్దు. మరి వాడు ఎప్పుడు సంపాదించాలి?

నాలుగో_డౌన్:
అదా మీ బాధ! మొదటే చెప్పి ఉంటే 91 క్యాచ్‌ల మీద ఇంత గొడవ ఉండేది కాదు. ఆటగాడికి అన్యాయం జరుగుతోంది, ఒప్పుకుంటా. కానీ జనరల్ మేనేజర్ కుర్చీలో కూర్చున్నవాడు ఆ అన్యాయాన్ని రెండో పిక్‌తో సరిచెయ్యలేడు. గర్లీని రామ్స్ రెండేళ్లు తిరక్కుండానే వదిలేసింది. ఇంకో బ్యాక్ ఎలియట్‌ది 90 మిలియన్ల ఒప్పందం, 2023 మార్చిలో కౌబాయ్స్ తీసేసింది. (మళ్లీ "మీరు" అంటే సంతోషిస్తాను.)

క్యాప్_కరణం:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. బాబాయ్ గారు చెప్పిన ఆరేళ్లు మొదటి రౌండ్‌లో తీసుకున్నవాడికే. ఐదో ఏడాది ఆప్షన్ 32వ పిక్‌తో ఆగిపోతుంది, 33 నుంచి నాలుగేళ్లే. 2020లో ఛీఫ్స్ 32లో బ్యాక్ ఎడ్వర్డ్స్-హెలెయిర్‌ను తీసుకుంటే, ఇంకో బ్యాక్ జొనాథన్ టేలర్ 41 దాకా ఆగాడు. టేలర్ ఎంత ముందుకు పోయాడో అందరికీ తెలుసు. కాబట్టి ఆప్షన్ ఒక్కదాని కోసం పైకి వెళ్లడం దండగ. ఇంకోటి, 2020 ఒప్పందం నుంచి ఆప్షన్ తీసుకున్న క్షణం నుంచే ఆ డబ్బు మొత్తం గ్యారంటీ. ఆ ఏడాది మోకాలు పోయినా కట్టాల్సిందే.

2023లో అట్లాంటా ఫాల్కన్స్ 8లో బ్యాక్ బిజాన్‌ను, డెట్రాయిట్ లయన్స్ 12లో బ్యాక్ గిబ్స్‌ను తీసుకున్నాయి. ఇద్దరూ గొప్పగా ఆడుతున్నారు. ఆ ఏడాది అట్లాంటా 7-10, డెట్రాయిట్ 12-5. డెట్రాయిట్‌లో గిబ్స్ వచ్చేనాటికే లైన్‌మెన్ డెకర్, రాగ్నో, సీవెల్ ఉన్నారు. అట్లాంటాకి క్వార్టర్‌బ్యాక్ లేడు. నా దృష్టిలో బ్యాక్ ఆఖరున కొనాల్సిన సామాను, ఎన్నో నంబరు అన్నది తర్వాతి మాట.

ఉప్మా_హడల్:
2025లో రెయిడర్స్ బ్యాక్ జెంటీని 6లో తీసుకుంది. ముందు కొన్నారా, ఆఖరున కొన్నారా కరణం గారూ?

ఫిల్లీ_సుబ్బు:
😂

నాలుగో_డౌన్:
కరణం గారి మాట మీదే చెప్తాను. 2018లో జెయింట్స్‌కి 34 కూడా ఉంది. అందులో గార్డ్ (లైన్‌మన్) విల్ హెర్నాండెజ్‌ను తీసుకున్నారు. ఆ వెంటనే 35లో బ్రౌన్స్ తీసుకున్నది ఎవర్ని? బ్యాక్ నిక్ చబ్. మొదటి ఏడాది 996 యార్డులు, రెండో ఏడాది 1,494. నాలుగేళ్ల జీతం మొత్తం సుమారు 7.4 మిలియన్లు, అంటే బార్క్లీ ఒక్క ఏడాది జీతం కంటే తక్కువ. రెండులో నెల్సన్, 34లో చబ్ తీసుకుని ఉంటే గార్డూ వచ్చేవాడు, బ్యాకూ వచ్చేవాడు. ఇద్దర్నీ తిరగేసి తీసుకున్నారు.

జెర్సీ_బాబాయ్:
సరే, "మీరు" అనే అంటాను. రెండులో నెల్సన్ అన్నారు. 2018లో గార్డ్‌ల ధర ఎంతండీ? ఆ మార్చిలో జాగ్వార్స్ గార్డ్ నార్వెల్‌కి ఐదేళ్లకు 66.5 మిలియన్లు ఇచ్చింది. ఏడాదికి 13.3. అందులోంచి మీ 7.8 తీసేస్తే ఐదున్నర. బార్క్లీకి ఆరున్నర అన్నారు మొదటి పోస్టులో. మీ మిగులు లెక్కలో గార్డ్ బ్యాక్ కంటే దండగ కదా?

నాలుగో_డౌన్:
గార్డ్ పదేళ్లు ఆడతాడు.

జెర్సీ_బాబాయ్:
రూకీ ఒప్పందం నాలుగేళ్లే. తర్వాత వాడికీ మార్కెట్ రేటే ఇవ్వాలి.

నాలుగో_డౌన్:
అందుకే అమ్ముకోమన్నాను, ఆరుకి దిగితే నెల్సనూ దొరుకుతాడు, పైన రెండు మూడు పిక్‌లూ వస్తాయి. మొదటి పోస్టు చదవండి.

జెర్సీ_బాబాయ్:
చదివాను. మీరు ముందు రాసింది క్వార్టర్‌బ్యాక్.