నిజాం రాజులా, నిజాం నవాబులా? ఒక బిరుదు మీద చర్చ

ప్రశ్న:
పోటీ పరీక్షల పుస్తకం ఒకదానిలో "నిజాం రాజులు" అని ఉంది. మా సార్ "నిజాం నవాబులు" అనాలంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్లేమో "నైజాం" అంటారు. మూడింట్లో ఏది సరైనది? నైజం, నైజాం ఒకటేనా?

జవాబు:
చివరిది ముందు తేల్చేద్దాం. నైజం సంస్కృతం. 'నిజ' నుంచి వచ్చింది, స్వభావం అని అర్థం. నైజాంకు దానితో ఏ చుట్టరికమూ లేదు. నిజాం అరబ్బీ మాట, ఏర్పాటు, వ్యవస్థ అని. 'ముల్క్' అంటే రాజ్యం. కాబట్టి నిజాం-ఉల్-ముల్క్ అంటే రాజ్యాన్ని చక్కబెట్టేవాడు. రాజు కాదు, రాజు దగ్గర పనిచేసే పెద్ద అధికారి. హైదరాబాదు మొదటి నిజాం మీర్ ఖమరుద్దీన్ ఖాన్‌కి ఈ బిరుదు ఇచ్చింది మొగలు చక్రవర్తి ఫరూఖ్‌సియర్. 1724లో శక్కర్‌ఖేడ దగ్గర ముబారిజ్ ఖాన్‌ని ఓడించి దక్కన్‌ను చేతిలోకి తెచ్చుకున్నాక, మరుసటి ఏడు మహమ్మద్ షా 'ఆసఫ్ జా' అనే బిరుదు ఇచ్చాడు. ఆసఫ్ ఎవరంటే సులేమాన్ ప్రవక్త మంత్రి. అంటే రెండోదీ మంత్రి బిరుదే!

సైన్యం, శిస్తు, యుద్ధం, సంధి అన్నీ ఆయనవే. అయినా సుల్తాన్ అనో బాద్‌షా అనో అనిపించుకోలేదు. వారసులూ అంతే. ఢిల్లీ చక్రవర్తి మాట కోటగోడ దాటి చెల్లని రోజుల్లో కూడా హైదరాబాదు నాణేల మీద ఆయన పేరే ఉండేది. 1857 తిరుగుబాటు తరువాతే అది పోయింది. 1819లో కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ప్రోద్బలంతో అవధ్ నవాబు గాజీయుద్దీన్ హైదర్ బాద్‌షాగా పట్టం కట్టుకున్నాడు. హైదరాబాదు ఆ దారి పట్టలేదు.

నవాబు కూడా పుట్టుకలో 'నాయబ్' అనే మాటకు బహువచనం, ప్రతినిధి అని. అందుకే మీ సార్ మాటే దగ్గరగా ఉంది.

ఇంకొకరు:
మీరు బిరుదు చూస్తున్నారు, నేను గద్దె చూస్తున్నాను. శిస్తు వసూలు చేసుకుని, యుద్ధాలు చేసినవాడు రాజు కాక మరెవరండీ? కాకతీయులనే చూడండి. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం వేయించిన రుద్రదేవుడు స్వతంత్రుడయ్యాడని చరిత్రలో చదువుకున్నాం. ఆ తరువాత కూడా ఆ వంశం 'మహామండలేశ్వర' అనే సామంత బిరుదు వదల్లేదు. హంపీ విజయనగరం స్థాపించిన మొదటి హరిహరుడిదీ అదే బిరుదు. వాళ్లను మనం సామంతులంటున్నామా?

జవాబు:
కాకతీయుల ఉదాహరణ నా వాదనకే ఎక్కువ పనికొస్తుంది. పాత పద్ధతిలో బిరుదు చిన్నది, అధికారం పెద్దది కావచ్చు. ఇంగ్లీషువాళ్లు వచ్చాక ఇది తిరగబడింది. 1800లో బళ్లారి, కడప వైపు సీమ పోయింది. 1853లో బీరారు (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ వైపు ప్రాంతం) కుంపిణీ చేతికి వెళ్లింది. బిరుదు మాత్రం పెరుగుతూ వచ్చింది.

1876లో లండన్‌లో చట్టం చేసి, 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను 'ఖైసర్-ఎ-హింద్'గా, అంటే హిందూదేశ చక్రవర్తినిగా ప్రకటించారు. ఇక 'మెజెస్టీ' ఆమె ఒక్కరే. ఇక్కడివాళ్లు ఎంత పెద్దవాళ్లయినా 'హైనెస్' దగ్గర ఆగాలి. 'కింగ్' అనే మాట దక్కదు, 'ప్రిన్స్', 'రూలింగ్ చీఫ్' అంతే. దొరల కాగితాల్లో వీళ్లు కూర్చునేది 'త్రోన్' కూడా కాదు, గద్దె లేదా మస్నద్. అంత పట్టింపు!

మొదటి ప్రపంచ యుద్ధానికి ధారాళంగా డబ్బిచ్చిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను 1918లో 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' చేశారు. దేశంలో ఇంకెవరికీ లేని మాట. ఆ ధీమాతోనేమో, బీరారు తిరిగి ఇమ్మని సమానస్థాయిలో రాస్తే, 1926 మార్చిలో వైస్రాయి లార్డ్ రీడింగ్ ఈ దేశంలో సర్వాధికారం బ్రిటిష్ కిరీటానిదే అని మొహం మీదే రాశాడు. 1936లో బీరారు తిరిగొచ్చింది, బిరుదులోకి! ఆయన 'నిజాం ఆఫ్ హైదరాబాద్ అండ్ బీరార్', వారసుడు 'ప్రిన్స్ ఆఫ్ బీరార్'. అక్కడి పాలన మాత్రం సెంట్రల్ ప్రావిన్సెస్ వాళ్లదే. పేరు గొప్ప ఊరు దిబ్బ. ఆయన ఖజానా దిబ్బ కాదనుకోండి.

విజయనగరం జిల్లా నుంచి ఒకరు:
మా మహారాజుల పేరు పూర్తిగా చదివారా? మహారాజా మీర్జా శ్రీ సర్ పూసపాటి ఆనంద గజపతి రాజు మన్నె సుల్తాన్ బహదూర్ గారు. గజపతి ఒడిశా నుంచి వచ్చింది, మీర్జా పారసీ, సుల్తాన్ అరబ్బీ, సర్ ఇంగ్లీషు, మన్నె మాత్రం మన మన్యమే. చివరి 'గారు'ను ఇంగ్లీషు రికార్డుల్లో కూడా అలాగే రాసేవారు. అయితే 1794లో పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు కుంపిణీ సైన్యంతో పోరాడి చనిపోయారు. 1802 తరువాత చట్టం లెక్కలో ఆ ఇంటివారు పేష్కష్ (ప్రభుత్వానికి ఏటా కట్టే సొమ్ము) కట్టే జమీందార్లు. వీళ్లను ఏమనాలి?

జవాబు:
బిరుదు అడిగితే మహారాజా, చట్టం అడిగితే జమీందారు. తెలుగు ఈ చిక్కును 'సంస్థానం' అనే ఒక్క మాటతో దాటేసింది. హైదరాబాదూ సంస్థానమే, దాని కింద ఉన్న గద్వాల, వనపర్తి కూడా సంస్థానాలే, కోస్తాలో పిఠాపురం జమీందారీ కూడా సంస్థానమే. 21 తుపాకుల సలాం ఉన్నవారికీ, కలెక్టరు కచేరీలో పేష్కష్ కట్టేవారికీ ఒకే మాటేమిటి? వాడుకలో చెల్లుతుంది గానీ చరిత్ర రాసేటప్పుడు చాలా ఇబ్బంది పెడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అంతా బాగుందండి, నా టెన్షన్ పరీక్ష గురించే. ఏం రాయాలి?

జవాబు:
'నిజాం నవాబులు' లేదా 'ఆసఫ్ జాహీలు' అని రాయండి. 1950 జనవరి 26 తరువాతి సంగతి అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ను 'రాజప్రముఖ్' అనాలి. 1956లో రాష్ట్రాలు మారేదాకా ఆ పదవిలో ఉన్నారు. ఢిల్లీ తరఫున గవర్నరు చేసే పని అది. మొదటి ఆసఫ్ జా చేరిన దక్కన్ సుబేదారు ఉద్యోగం కూడా దాదాపు అలాంటిదే. పాత పాలకుల గుర్తింపును, రాజభరణాలను 1971లో 26వ సవరణ తీసేసింది.

నైజాం తప్పేమీ కాదు. జనం నోట్లో బిరుదు కాస్తా దేశం పేరయింది. సినిమావాళ్ల కలెక్షన్ల లెక్కల్లో ఇప్పటికీ నైజాం, సీడెడ్ అనే అంటారు. సీడెడ్ అంటే 1800లో నిజాం కుంపిణీకి వదులుకున్న జిల్లాలే. సీడెడ్‌కు తెలుగు మాట అయిన దత్త మండలాలు అన్న పేరు నచ్చక అక్కడివాళ్లు 1928లో నంద్యాల సభల్లో రాయలసీమ అని పెట్టుకున్నారు, సినిమా ట్రేడ్ వాళ్లు మాత్రం మార్చలేదు. పరీక్షలో మాత్రం నైజాం అని రాయకండి, మార్కులు కోస్తారు.