స్క్రాచ్‌లోని ఫైళ్లను 60 రోజులకు తీసేయడం న్యాయమేనా?

ఎండాడ_వాసి:
నేను హుద్‌హుద్ మీద పని చేస్తున్నాను. 2014 అక్టోబర్ 12న మన విశాఖ దగ్గర తీరం దాటిన తుపాను అది. డబ్ల్యూఆర్ఎఫ్ అనే వాతావరణ మోడల్ ఔట్‌పుట్ మొత్తం మా క్లస్టర్ (కలిపి పనిచేసే కంప్యూటర్ల సముదాయం) స్క్రాచ్‌లో, అంటే లెక్కలు నడిపేటప్పుడు వాడే ఉమ్మడి డిస్కులో ఉండేది. నాన్నగారి ఆపరేషన్ కోసం ఊరికి వెళ్లి రెండు నెలలు దాటాక వచ్చాను. ఫోల్డర్ల పేర్లు ఉన్నాయి, లోపల ఒక్క ఫైలూ లేదు. 4 టెరాబైట్లు పోయాయి. 60 రోజులు ముట్టుకోకపోతే తీసేస్తారట. ఇదేం పద్ధతి?

క్లస్టర్_కాపలా:
మీ క్లస్టర్ కాదు గానీ, నేనూ ఇలాంటిదే చూసుకుంటాను. స్క్రాచ్ అంటేనే తాత్కాలికం, దానికి బ్యాకప్ ఉండదు. అది నిండిందంటే క్లస్టర్‌పై నడుస్తున్న అందరి ప్రోగ్రాములూ మధ్యలో ఆగిపోతాయి. లాగిన్ కాగానే ఆ హెచ్చరిక కనిపిస్తుంది. చదవాలి కదా?

బీచ్‌రోడ్డు:
వారానికోసారి టచ్ కమాండ్ ఇచ్చి ఫైళ్ల తేదీలు కొత్తవి చేస్తే సరిపోయేది.

క్లస్టర్_కాపలా:
దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. లస్టర్ అనే ఉమ్మడి నిల్వ వ్యవస్థలో ఫైళ్ల పేర్లు, తేదీలు చూసేది మెటాడేటా సర్వర్. లక్షల చిన్న ఫైళ్లకు ఒకేసారి టచ్ ఇస్తే ఆ భారం అందరి మీదా పడుతుంది. చిన్న ఫైళ్లను టార్‌గా, అంటే ఒకే ఫైలుగా కట్టి వేరే చోటికి పంపండి.

ఎండాడ_వాసి:
నేను టచ్ గురించి అడగలేదండీ.

గాజువాక_రాజు:
2021 డిసెంబర్‌లో క్యోటో విశ్వవిద్యాలయంలో బ్యాకప్ స్క్రిప్టు తప్పు వల్ల 77 టెరాబైట్ల దాకా పోయింది. వాడుకరుల తప్పేమీ లేదు.

క్లస్టర్_కాపలా:
అది పొరపాటు, ఇది ముందే చెప్పిన నియమం. రెంటినీ కలపకండి.

మేఘమాల:
నేమ్‌లిస్టు (మోడల్ సెట్టింగుల ఫైలు), ఇన్‌పుట్, మోడల్ వెర్షన్ భద్రంగా ఉంటే మళ్లీ నడపవచ్చు కదా. ఔట్‌పుట్ అంతా దాచడం ఎందుకు?

ఎండాడ_వాసి:
నాకు కేటాయించిన కోర్ గంటలు (క్లస్టర్ ప్రాసెసర్లు వాడుకునే సమయం) అయిపోయాయి మేడమ్. మళ్లీ ఎవరిస్తారు?

క్లస్టర్_కాపలా:
అజాగ్రత్త మీది, నిందలు మాకు. డిస్కు నిండిన రాత్రి రెండు గంటలకు లేచి వెళ్లింది నేను. మర్నాడు మీటింగులో మాటలు పడిందీ నేనే. కాంట్రాక్టు ఉద్యోగిని కదా, ఎవరైనా అంటారు.

ఎండాడ_వాసి:
అయితే ఎక్కడ పెట్టాలో చెప్పండి! క్లస్టర్‌లో నా సొంత ఫోల్డరు, అంటే హోమ్ కోటా 50 గిగాబైట్లు. ల్యాబ్‌లో ఉన్న ఒక్క హార్డ్‌డిస్కునూ చదువు ముగించుకుని వెళ్లిన సీనియర్ పట్టుకెళ్లారు. ప్రాజెక్టు బడ్జెట్‌లో కంప్యూటర్లకు డబ్బు అడిగారు, నిల్వకు అడగలేదు. పేపరులో పేరు అందరిదీ, డేటా కాపాడే బాధ్యత మాత్రం విద్యార్థి ఒక్కడిదా?

క్లస్టర్_కాపలా:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే మీతో ఇంత వాదించేవాణ్ని కాదు. డేటాను ఎక్కువ కాలం టేపుల మీద దాచే టేపు లైబ్రరీ కావాలని మూడేళ్లుగా రాస్తున్నాను. పరిశోధకులెవరూ అడగడం లేదని ఫైలు వెనక్కి పంపుతున్నారు. మీ సంస్థలో మీరు రాతపూర్వకంగా అడగండి.

ఎండాడ_వాసి:
రాస్తాను. మరి పోయిన నా 4 టెరాబైట్లు?

మేఘమాల:
నేమ్‌లిస్టు ఫైలు హోమ్‌లో ఉందేమో ముందు చూడండి.