ఫుట్‌బాల్ ఆటగాడు స్టాబాక్‌కు అన్ని కోట్లు ఎట్లా వచ్చాయి? పేరుతోనా, పనితోనా?

హన్మకొండ_మడిగెలు:
అందరికీ నమస్తే. హన్మకొండ, కాజీపేట వైపు మడిగెలు, ఆఫీసు జాగలు కిరాయికి ఇప్పించే పని నాది, ప్లాట్లు వెంచర్ల జోలికి పోను. కమర్షియల్ లీజుల గురించి చదువుతుంటే రోజర్ స్టాబాక్ అనే పేరు మాటిమాటికీ తగులుతోంది. తీరా చూస్తే ఆయన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, డల్లాస్ కౌబాయ్స్ టీమ్‌కు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, రెండు సూపర్ బౌల్స్, అంటే ఆ లీగ్ ఫైనల్స్, గెలిచిన మనిషి. ఆయన పెట్టిన రియల్ ఎస్టేట్ కంపెనీని 2008లో జోన్స్ లాంగ్ లసాల్ అనే పెద్ద రియల్ ఎస్టేట్ సంస్థ వాళ్లు, అదే మన హైదరాబాద్‌లో కూడా ఉన్న జేఎల్ఎల్, 61.3 కోట్ల డాలర్లకు కొన్నారు, తర్వాత పనితీరును బట్టి ఇంకొంత ఇచ్చే ఒప్పందం అదనం. ఇది ఆయన పేరు చూసి వచ్చిన డబ్బా, లేక పనిలోనే ఏదైనా కిటుకు ఉందా? ఉంటే మన దగ్గర నడుస్తుందా? కాస్త వివరంగా చెప్పండి, నాకు ఇది బతుకుదెరువు విషయం.

ఇర్వింగ్_కరీంనగర్:
తమ్మీ, నేను డల్లాస్ పక్కనే ఉంటా, ఇక్కడి పెద్దవాళ్లు ఆయన గురించి ఇప్పటికీ ఎంతో ఇష్టంగా చెప్తారు. ఆయన ప్రొఫెషనల్ ఆటలోకి వచ్చిందే ఆలస్యంగా. నేవల్ అకాడమీలో చదువుతూ 1963లో హైస్మన్ ట్రోఫీ గెలిచాడు, కాలేజీ ఫుట్‌బాల్‌లో దాన్ని మించినది లేదు. కౌబాయ్స్ వాళ్లు 1964లోనే డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే చోట, తీసుకున్నారు, కానీ నేవీలో సర్వీసు చేయాల్సి ఉండటంతో వియత్నాం కూడా వెళ్లి, సరఫరా విభాగంలో పనిచేసి, 1969లో 27 ఏళ్ల వయసులో కొత్త ఆటగాడిగా చేరాడు. అప్పటికే పెళ్లయి పిల్లలున్నారు. ఒక్క మోకాలు పోయిందంటే జీతం కూడా పోయినట్టే, పైగా అప్పటి జీతాలు ఇప్పటిలాంటివి కావు. అందుకే సీజన్ అయిపోయిన నెలల్లో హెన్రీ ఎస్. మిల్లర్ అనే డల్లాస్ రియల్ ఎస్టేట్ కంపెనీలో చేరి పని నేర్చుకున్నాడు. 1972 జనవరి సూపర్ బౌల్‌లో బెస్ట్ ప్లేయర్ అయ్యాక కూడా ఆ పని మానలేదు. 1977లో సొంత కంపెనీ పెట్టాడు. తలకు దెబ్బలు ఎక్కువై 1980లో ఆట మానేసే నాటికి ఆ కంపెనీకి మూడేళ్లు. నాకు ఆయనలో నచ్చేది ఇదే, రిటైరయ్యాక ఏం చేయాలని అప్పుడు కూర్చుని ఆలోచించలేదు.

ఇక నువ్వడిగిన కిటుకు. బ్రోకరంటే సాధారణంగా ఓనర్ తరఫు మనిషి, బిల్డింగ్ నిండితే చాలు. స్టాబాక్ కిరాయికి వచ్చే కంపెనీ వైపు నిలబడ్డాడు. మీకు ఎంత జాగ కావాలి, ఎన్నేళ్లకు, ఏటా కిరాయి ఎంత పెరగాలి, మధ్యలో ఖాళీ చేస్తే ఏంటి, మెయింటెనెన్స్ ఎవరి మీద, ఇవన్నీ వాళ్ల తరఫున ఓనర్‌తో మాట్లాడేవాడు. పాత ఓనర్లతో మొహమాటం ఉన్న బ్రోకర్ ఈ పని గట్టిగా చేయలేడు. ఒకసారి మంచి లీజు కుదిరిన కంపెనీ ఇంకో ఊర్లో ఆఫీసు తెరిస్తే మళ్లీ నిన్నే పిలుస్తుంది, ఆయన వ్యాపారం దేశమంతా పాకింది అట్లాగే.

ఓరుగల్లు_కబడ్డీ:
అన్నా, పేరు లేకుండా ఇదంతా అయ్యేదా? 1975 ప్లేఆఫ్‌లో, అంటే నాకౌట్ మ్యాచ్‌లో, మిన్నెసోటా టీమ్ మీద చివరి నిమిషంలో విసిరిన బంతితో మ్యాచ్ గెలిపించిన మనిషి ఫోన్ చేస్తే ఏ కంపెనీ ఓనరైనా ఎత్తుతాడు. మా కుర్రాళ్లకు ఆ వసతి ఏది? స్టేట్ లెవల్ దాకా ఆడినవాళ్లు మోకాలు పోయాక ఏ పనీ చేతిలో లేక కూర్చోవడం నేను దగ్గర్నుంచి చూస్తున్నా, అందుకే గట్టిగా అడుగుతున్నా.

ఇర్వింగ్_కరీంనగర్:
ఫోన్ ఎత్తుతారు తమ్మీ, నిజమే. కానీ పేరే చాలితే మిగతా క్వార్టర్‌బ్యాక్‌లందరికీ చాలాలి కదా. జాక్సన్‌విల్ టీమ్‌కు ఆడిన క్వార్టర్‌బ్యాక్ మార్క్ బ్రూనెల్ ఆటలోనే 5 కోట్ల డాలర్లకు పైగా సంపాదించాడు, 2010లో దివాలా పిటిషన్ వేశాడు. ఆయన కూడా రియల్ ఎస్టేటే, కాకపోతే ప్రాజెక్టుల్లో సొంత డబ్బు పెట్టి, అప్పులకు గ్యారంటీ సంతకాలు చేశాడు. 2008 ప్రాంతంలో మార్కెట్ పడిపోయేసరికి అన్నీ మీద పడ్డాయి. స్టాబాక్ ప్రధానంగా అమ్మింది తన పనిని, భూమి ధర పడినా ఆఫీసు కావాల్సినవాడు ఎవరో ఒకరు ఉంటారు. 2015లో అక్కడి ఆర్థికవేత్తలు వేసిన లెక్కలో రిటైరైన 12 ఏళ్లలోపు దాదాపు 16 శాతం మంది ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు దివాలా తీశారని తేలింది. మీ పిల్లలకు చెప్పాల్సిందీ అదే, ఆడుతున్న రోజుల్లోనే ఏదో ఒక పని చేతికి రావాలి, వచ్చిన డబ్బు తెలిసినవాడి వెంచర్‌లో పోసి సంతకాలు పెట్టొద్దు.

నక్కలగుట్ట_ల్యాబ్:
ఈ మాటలు చదువుతుంటే నా కథే గుర్తొచ్చింది తమ్ముడూ. నేను చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్ నడుపుతాను. అగ్రిమెంట్‌లో 600 ఎస్ఎఫ్‌టీ అని రాసి దానికే కిరాయి కట్టించుకుంటున్నారు, టేపు పెట్టి కొలిస్తే లోపల 480 కూడా రాలేదు, మెట్లు, వరండా, బయటి బాత్రూమ్ అన్నీ కలిపేశారు. అగ్రిమెంట్ పదకొండు నెలలదే, రిజిస్టర్ కూడా చేయించలేదు, ఆ ఖర్చు ఓనర్‌కు ఇష్టం లేదు. నేను మాత్రం మెషీన్లకు వేరే కరెంటు లైను, ఏసీ, సింకు అన్నీ సొంత ఖర్చుతో పెట్టించుకున్నా. రేపు ఖాళీ చేయమంటే అవన్నీ ఎక్కడికి మోసుకుపోవాలి? సంతకాల రోజు బ్రోకర్ పక్కనే ఉన్నాడు, కమీషన్ ఇద్దరి దగ్గరా తీసుకున్నాడు, నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. నా వైపు మాట్లాడే మనిషి దొరికితే ఇంకో అర నెల కిరాయి ఇవ్వడానికైనా నేను రెడీ.

హన్మకొండ_మడిగెలు:
అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇర్వింగ్ అన్నా, ఒక్క డౌటు, అమెరికాలో కిరాయిదారు బ్రోకర్‌కు డబ్బు ఎవరిస్తారు?

ఇర్వింగ్_కరీంనగర్:
చాలావరకు ఓనర్ ఇచ్చే కమీషన్‌లోనే వాటా వస్తుంది. మన దగ్గర ఓనర్ ఒప్పుకోడు కాబట్టి కిరాయిదారు దగ్గరే ఫీజు తీసుకో, ఎంతో ముందే కాగితం మీద రాయి, ఆ డీల్‌లో ఓనర్ దగ్గర రూపాయి కూడా ముట్టకు. ల్యాబులు, కోచింగ్ సెంటర్లు, బ్యాంకు బ్రాంచీలు, వీటిలో ఏదో ఒకటి పట్టుకుని వాళ్ల అవసరాలు పూర్తిగా నేర్చుకో.

హన్మకొండ_మడిగెలు:
ల్యాబులతోనే మొదలుపెడతా అన్నా. అక్కా, మీ అగ్రిమెంట్ ఎప్పుడు అయిపోతుందో మెసేజ్ పెట్టండి. అంతకంటే రెండు నెలల ముందే వచ్చి టేపుతో కొలిచి, మూడేళ్ల రిజిస్టర్డ్ లీజు మీద ఓనర్‌తో మాట్లాడతా, ఒప్పుకోకపోతే చూపించడానికి అదే రోడ్డులో ఇంకో రెండు జాగలు దగ్గర పెట్టుకుంటా.