విదేశంలో మెడిసిన్ చదివి ఫెర్టిలిటీ డాక్టర్ కావాలంటే దారి ఎటు?

కరీంనగర్_అమ్మాయి
అందరికీ నమస్తే. నేను జార్జియా దేశంలోని టిబిలిసిలో మెడిసిన్ ఐదో ఏడాది చదువుతున్నాను. పిల్లలు కలగని దంపతులకు చేసే వైద్యంలోనే స్థిరపడాలని ఉంది. మా పెద్దమ్మ ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరగడం చూస్తూ పెరిగాను. ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో "డిగ్రీ అయ్యాక ఏడాది ఫెలోషిప్ చేస్తే చాలు, ఐవీఎఫ్ స్పెషలిస్ట్ అయిపోతావు" అంటున్నారు. ఫీజు లక్షల్లో ఉంది. నాన్న అప్పు తేవడానికి కూడా సిద్ధపడ్డారు. ఇది నిజమేనా? ఆ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

గుంటూరు_ఓబీజీ
చెల్లీ, ముందు ఆ డబ్బు కట్టొద్దని నాన్నగారికి చెప్పు. నేను ఫిలిప్పీన్స్‌లో, దావావోలో చదివాను. ఇప్పుడు ఎంఎస్ ఓబీజీ, అంటే ప్రసూతి, గైనకాలజీ పీజీ, చివరి ఏడాది. మన దేశంలో ఐవీఎఫ్ చేయాలంటే గైనకాలజీ పీజీ ఉండి తీరాలి. ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలను నియంత్రించే 2021 ఏఆర్‌టీ చట్టం కింద 2022లో వచ్చిన రూల్స్‌లో ఇది రాసే ఉంది. ఓబీజీ పీజీ చేసి, శిక్షణ పొందిన స్పెషలిస్ట్ పర్యవేక్షణలో 50 ఎగ్ పికప్‌లు (అండాశయం నుంచి అండాలు తీయడం) చేసినట్టు రికార్డు చూపాలి. లేదంటే ఆ పీజీ మీద రీప్రొడక్టివ్ మెడిసిన్‌లో డీఎం అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ గానీ ఫెలోషిప్ గానీ ఉండి, ఏఆర్‌టీ క్లినిక్‌లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. ఎంబీబీఎస్ మీద ఏడాది సర్టిఫికెట్ తెచ్చుకుంటే పేషెంట్ హిస్టరీ రాసే దగ్గరే ఆగిపోతావు.

నీ ముందున్న మొదటి గండం ఎఫ్‌ఎంజీఈ, అంటే విదేశంలో చదివినవాళ్లు ఇక్కడ పాసవ్వాల్సిన పరీక్ష. 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు. అయినా చాలా సెషన్లలో పాసయ్యేది పాతిక శాతం లోపే. తర్వాత ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన పీజీ సీటు కోసం నీట్ పీజీ. ఓబీజీ సీటు రావాలంటే ర్యాంకు గట్టిగానే ఉండాలి. కాబట్టి ఇప్పటి నుంచే చదువు. భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా, తెలిసి నడిస్తే టెన్షన్ తక్కువగా ఉంటుంది.

హన్మకొండ_నాన్న
మా బాబు ఈ ఏడాదే నీట్ క్వాలిఫై అయ్యాడు, బయటికి పంపాలనుకుంటున్నాం. కాలేజీని ఎంచుకునేటప్పుడు ఏం చూడాలో కూడా చెప్పండి సార్.

గుంటూరు_ఓబీజీ
అంకుల్, నేను సార్‌ని కాదు, అమ్మాయిని. 2021 నవంబరులో ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) తెచ్చిన రూల్స్ ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్‌లో చెప్పాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అక్కడే అదే సంస్థలో జరగాలి. చదివిన దేశంలో అక్కడి వాళ్లతో సమానంగా ప్రాక్టీసుకు లైసెన్స్ వచ్చే డిగ్రీ అయి ఉండాలి. చేరిన పదేళ్లలోపు మొత్తం పూర్తి కావాలి. ఏజెంట్ నోటిమాటగా చెబితే నమ్మకండి, ఇవన్నీ కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

హైదరాబాద్_ఫెలో
నేను ఓబీజీ తర్వాత ఎఫ్‌ఎన్‌బీ (నేషనల్ బోర్డు ఫెలోషిప్) రీప్రొడక్టివ్ మెడిసిన్ చేస్తున్నాను. ఇది రెండేళ్లు, దీనికి వేరే ఎంట్రన్స్ ఉంటుంది. సూపర్ స్పెషాలిటీ ఎంట్రన్స్ అయిన నీట్ ఎస్ఎస్ రాసి మూడేళ్ల ఎంసీహెచ్ డిగ్రీ చేసే దారి కూడా ఉంది. కరీంనగర్ చెల్లికి చెప్పాల్సింది ఇంకొకటి. ఈ పని బయటికి కనిపించే గ్లామర్ లాంటిది కాదు. పొద్దున్నే ఫాలికిల్ స్కాన్లు (అండాలు ఎంత పెరిగాయో చూసేవి) మొదలవుతాయి. ఎవరికి ఇంజెక్షన్ డోసు పెంచాలి, ఎవరికి తగ్గించాలి అని రోజూ లెక్క చూసుకోవాలి. పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న చిన్న నీటి బుడగల్లాంటివి ఎక్కువగా ఉండే హార్మోన్ సమస్య) ఉన్న అమ్మాయికి డోసు కొంచెం ఎక్కువైనా అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. అండాలు పక్వానికి రావడానికి ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ పడ్డాక దాదాపు 34 నుంచి 36 గంటల మధ్య అండాలు తీయాలి. ఇంట్లో ఆ రాత్రి ఇంజెక్షన్ టైమ్ తప్పితే ఆ విడత చికిత్స మొత్తం వృథా కావచ్చు. అందుకే పేషెంట్‌కు మనమే ఫోన్ చేసి గుర్తు చేస్తాం.

మన దగ్గర ఫెలోపియన్ ట్యూబులు (అండం గర్భాశయానికి చేరే నాళాలు) మూసుకుపోతే టీబీని కూడా అనుమానించాలి. గర్భాశయ టీబీ చాలాసార్లు ఏ లక్షణమూ లేకుండా దాక్కుంటుంది. మగవాళ్ల పరీక్ష మాటకొస్తే ఇంకా బాధ. భార్యకు అన్ని టెస్టులూ అయ్యాక చివరికి భర్త సెమెన్ రిపోర్ట్ అడిగే ఇళ్లు ఎన్నో! ఆ ఒక్క చిన్న పరీక్ష ముందే జరిగి ఉంటే ఆ అమ్మాయికి ఎంత నొప్పి తప్పేదో. డాక్టరుగా నువ్వు గొంతు పెంచి మాట్లాడాల్సిన చోటు అదే.

వైజాగ్_ల్యాబ్
ఎంబీబీఎస్ లేకుండా కూడా ఈ రంగంలోకి రావచ్చు. నేను ఎమ్మెస్సీ క్లినికల్ ఎంబ్రియాలజీ చేసి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఇక్సీ (అండంలోకి ఒక్క వీర్యకణాన్ని సూదితో ఎక్కించడం) చేయడం, పిండాలను పెంచడం, గడ్డకట్టించి దాచడం మా పని. చట్టం ప్రకారం పిండాలను పదేళ్ల వరకే దాచవచ్చు. డాక్టర్ ఎంత మంచివారైనా ల్యాబ్ సరిగా లేకపోతే ఫలితం రాదు. పీజీలోకి వచ్చాక కొన్నాళ్లు ల్యాబ్‌లో నిలబడి చూడండి చెల్లీ.

లీడ్స్_నుంచి
యూకే గురించి ఒక మాట. ఇక్కడ ఓ అండ్ జీ (మన ఓబీజీయే) శిక్షణే ఏడేళ్లు. అందులో రాయాల్సిన ఎంఆర్‌సీఓజీ పరీక్ష మూడు భాగాలు. ఆ తర్వాతి దశలో రీప్రొడక్టివ్ మెడిసిన్ సబ్‌స్పెషాలిటీ దొరకడానికి సీట్లు చాలా తక్కువ. బయటి దేశాల డాక్టర్లు ఇక్కడ రాసే ప్లాబ్ పరీక్ష పాసైనా ఇప్పుడు ఉద్యోగాలకు పోటీ బాగా పెరిగింది. కానీ పద్ధతి నేర్చుకోవడానికి మంచి చోటు. హెచ్‌ఎఫ్‌ఈఏ అనే సంస్థ 1991 నుంచి ప్రతి క్లినిక్‌కూ లైసెన్స్ ఇచ్చి తనిఖీ చేస్తుంది, క్లినిక్‌ల సక్సెస్ రేట్లు కూడా అందరూ చూసేలా పెడుతుంది. పేషెంట్‌కు ఇది పెద్ద అండ. మన దగ్గరా రావాలని గట్టిగా కోరుకుంటాను.

కరీంనగర్_అమ్మాయి
అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడే నాన్నతో మాట్లాడాను, ఆ ఫీజు కట్టడం లేదు. అక్కా, ఇక్కడ మిగిలిన ఏడాదిన్నరలో ఏం చేస్తే మేలు?

గుంటూరు_ఓబీజీ
గైనిక్ పోస్టింగ్ వచ్చినప్పుడు లేబర్ రూమ్ వదలకు, రాత్రి డ్యూటీలు అడిగి మరీ చెయ్యి. పేషెంట్లతో మాట్లాడటానికి జార్జియన్ కొంచెమైనా నేర్చుకో, లేకపోతే హిస్టరీ తీయడం రాదు. ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్‌లో ప్రతి సంతకం అప్పటికప్పుడే చేయించుకో. రోజూ కొంతసేపు ఎఫ్‌ఎంజీఈ ప్రశ్నలు చెయ్యి. ఇండియాకు వచ్చాక ఇంటర్న్‌షిప్ అలాట్‌మెంట్ గురించి అడగాల్సి వస్తే ఇక్కడే రాయి, నాకు తెలిసినంత చెబుతాను.