ముసురుకూ మార్కెట్‌కూ నిజంగా సంబంధం ఉందా?

ప్రశ్న: కాకినాడ మదుపరి

కొన్నేళ్లుగా షేర్లలో మదుపు చేస్తున్నాను. ముసురు పట్టిన రోజుల్లో నాకు కొనబుద్ధి కాదు. ఉన్నవి అమ్మేసి డబ్బు బ్యాంకులో వేసుకుందామనిపిస్తుంది. ఎండ కాసిన రోజున అవే షేర్లు చవకగా కనిపిస్తాయి. ఇది నా ఒక్కడి స్వభావమా, మార్కెట్ మొత్తానికీ ఉన్న గుణమా? అమెరికాలో దీనిపై పరిశోధనలు జరిగాయని విన్నాను. అవి ముంబయిలోని మన స్టాక్ ఎక్స్‌ఛేంజిలు ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈలకు వర్తిస్తాయా? వర్తిస్తే ముంబయి ఆకాశం చూడాలా, కాకినాడ ఆకాశం చూడాలా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: ఆర్థికశాస్త్ర అధ్యాపకురాలు, హైదరాబాద్

మీకు కలిగే భావన మీ ఒక్కరిదే కాదు. ఎడ్వర్డ్ సాండర్స్ అనే పరిశోధకుడు 1927 నుంచి 1989 వరకు న్యూయార్క్ వాతావరణ నమోదులను డో జోన్స్ సూచీతో పోల్చి, ఆకాశం పూర్తిగా మబ్బు పట్టిన రోజుల్లో రాబడి తక్కువగా ఉంటోందని 1993లో చూపించారు. 2003లో హిర్ష్‌లైఫర్, షమ్‌వే ఇదే పరిశీలనను 26 దేశాలకు విస్తరించి, ప్రధాన ఎక్స్‌ఛేంజి ఉన్న నగరంలో ఉదయం పూట ఉండే మబ్బును 1982-97 మధ్య సూచీల రాబడితో సరిచూశారు. న్యూయార్క్‌లో పూర్తిగా ఎండ కాసిన రోజుల రాబడి ఏడాది లెక్కన సుమారు 24.8 శాతం, పూర్తిగా మబ్బు పట్టిన రోజులది 8.7 శాతం అని తేలింది. మబ్బు ప్రభావాన్ని లెక్కలోకి తీసుకున్నాక వానకు గానీ మంచుకు గానీ విడిగా చెప్పుకోదగిన ప్రభావం కనబడలేదు. అంటే ముసురులో మనసును కుంగదీసేది తడి కంటే వెలుతురు లేకపోవడమే అనుకోవాలి.

అయితే చిన్న మదుపరులే వెనక్కి తగ్గుతారని దీన్నిబట్టి తేల్చేయకూడదు. 2005లో గెట్స్‌మన్, ఝు అమెరికాలోని అయిదు నగరాల్లో వేలాది చిన్న మదుపరుల ఖాతాలను పరిశీలిస్తే, వారి కొనుగోళ్లలో, అమ్మకాల్లో మబ్బు రోజుకూ ఎండ రోజుకూ తేడా కనిపించలేదు. మారింది న్యూయార్క్‌లో కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉండే అంతరం. అక్కడ కూర్చుని ధరలు పలికే వృత్తిదారుల మీదే మబ్బు పనిచేస్తోందేమోనని వారు అనుమానించారు.

మన దగ్గర బ్రోకర్లు రింగులో నిలబడి కేకలు వేసే పద్ధతి 1995లో బీఎస్‌ఈకి కంప్యూటర్ తెర మీద వ్యాపారం జరిపే బోల్ట్ వ్యవస్థ వచ్చాక పోయింది. ఇప్పుడు ఆర్డర్లు సూరత్ నుంచీ, కాకినాడ నుంచీ, మనుషులు చేయి పెట్టని కంప్యూటర్ల నుంచీ వస్తాయి. అందువల్ల మార్కెట్ మొత్తాన్ని కమ్మే ఒకే ఆకాశం మనకు లేదనే నా అభిప్రాయం.

జవాబు: విశాఖ, మాజీ సబ్ బ్రోకర్

మనసు సంగతి అలా ఉంచితే, వాతావరణం వ్యాపారాన్ని నేరుగా ఆపేసే సందర్భాలున్నాయి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న, ఆదివారం, విశాఖ దగ్గర తీరం దాటింది. సోమవారం ఉదయం 9.15కి ముంబయిలో మార్కెట్ మామూలుగానే తెరుచుకుంది. మాకు కరెంటు లేదు, ఫోన్లకు సిగ్నల్ లేదు. ఫ్యూచర్స్‌లో (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాల్లో) పొజిషన్, అంటే ఇంకా ముగించని లావాదేవీ, ఉన్న ఒక పెద్దాయన, కూలిన చెట్లను దాటుకుంటూ నడిచివచ్చి, తన స్టాప్‌లాస్ (నష్టం ఒక హద్దు చేరగానే లావాదేవీని ముగించే ఆర్డరు) పెట్టారా అని అడిగారు. ఆ ఆర్డరు ఏ రోజుకారోజే చెల్లుతుంది కనుక శుక్రవారం పెట్టింది అప్పటికే రద్దయింది. కొత్తది పెట్టడానికి మా దగ్గర వెలిగే తెర ఒక్కటీ లేదు. న్యూయార్క్‌లో శాండీ తుపాను వచ్చినప్పుడు 2012 అక్టోబర్ 29, 30 తేదీల్లో ఎక్స్‌ఛేంజినే మూసేశారు కాబట్టి అక్కడ అందరూ సమానంగా ఆగిపోయారు. మాకు ఆ అవకాశం లేకపోయింది.

కాకినాడ కూడా తుపాను దారిలోనే ఉంది కనుక మీకు చెబుతున్నాను. అక్టోబర్, నవంబర్ నెలల్లో హెచ్చరిక రాగానే అప్పు మీద నడిచే పొజిషన్లు తగ్గించుకోండి. వేరే ఊళ్లో మీ తరఫున ఆర్డరు పెట్టగల డీలింగ్ డెస్క్ నంబరు కాగితం మీద రాసి ఉంచుకోండి.

జవాబు: గుంటూరు, ఎరువుల డీలరు

అసలు మన మార్కెట్‌ను కదిలించేది నేడు కురిసే వాన కాదు, కురుస్తుందో లేదోనన్న అంచనా. 2015 జూన్ 2న వాతావరణ శాఖ రుతుపవనాల అంచనాను సగటు వానలో 93 శాతం నుంచి 88 శాతానికి తగ్గించింది. అదే రోజు రిజర్వ్ బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీ) పావు శాతం తగ్గించినా బీఎస్‌ఈ సూచీ సెన్సెక్స్ 660 పాయింట్లు పడిపోయింది. ఇకపై వడ్డీ కోతలు అంత సులభంగా రావన్న నిరాశ కూడా అందులో ఉంది, నిజమే. కానీ అప్పటికి రుతుపవనాలు ఇంకా కేరళనే తాకలేదు. చివరికి ఆ సీజన్‌లో సగటులో 86 శాతమే కురిసింది. దీనికి కారణం మనసు కాదు, లెక్క: ఖరీఫ్ దెబ్బతింటే ఎరువులు, ట్రాక్టర్లు, ద్విచక్ర వాహనాల అమ్మకాలు తగ్గుతాయి, కూరగాయల ధరలు పెరుగుతాయి.

అలాగని వాన ఒక్కదాన్నే నమ్ముకోలేం. 2009లో సగటులో 78 శాతమే కురిసి దేశం తీవ్రమైన కరువు చూసింది. ఆ ఏడాదే, ప్రపంచ సంక్షోభం నుంచి కోలుకుంటూ, సెన్సెక్స్ దాదాపు 80 శాతం పెరిగింది.

ప్రశ్న: కాకినాడ మదుపరి

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. ఎండ రోజున కొని మబ్బు రోజున అమ్మితే కొంతైనా లాభం ఉంటుందా?

జవాబు: ఆర్థికశాస్త్ర అధ్యాపకురాలు, హైదరాబాద్

ఉండదండీ. ఖర్చులు అతి తక్కువగా ఉన్నవారికే కాస్త మిగలవచ్చని హిర్ష్‌లైఫర్, షమ్‌వే కూడా రాశారు. మన దగ్గర షేర్లను ఖాతాలోకి తీసుకునే డెలివరీ లావాదేవీకి ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం, బ్రోకరేజి, స్టాంపు సుంకం, పన్ను వేరు. ఆకాశాన్ని బట్టి వారానికోసారి కొని అమ్మితే ఒక్క ఎస్‌టీటీకే ఏడాదికి 10 శాతం దాటిపోతుంది. ముసురు రోజున అమ్మాలనిపిస్తే ఆ ఆర్డరును మర్నాటికి వాయిదా వేయండి. కారణం కంపెనీలో ఉంటే అది మర్నాటికీ ఉంటుంది.