ఓపెన్ సోర్స్ మ్యాప్ ప్రాజెక్టుల్లో పెత్తనం ఎవరిది? లైసెన్స్ ఒక్కటి చూసుకుంటే చాలా?

దారిగీత:
అందరికీ నమస్కారం. ఇంటర్నెట్ లేకుండా పనిచేసే ఒక మ్యాప్ యాప్‌కి చాలాకాలంగా తెలుగు అనువాదం చేస్తున్నాను. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి యాప్ పేరు రాయడం లేదు. విరాళాలు ఎవరి ఖాతాలో పడుతున్నాయి, వెబ్‌సైట్ డొమైన్ ఎవరి పేరు మీద ఉంది అని కొందరు అడిగారు. జవాబు రాలేదు సరికదా, ఆ చర్చకి తాళం వేసేశారు. "కోడ్ అంతా అపాచీ 2.0 లైసెన్స్ కింద ఉంది, నచ్చకపోతే ఫోర్క్ చేసుకోండి" అని, అంటే కోడ్ కాపీ తీసుకుని వేరే ప్రాజెక్టుగా నడుపుకోండి అని, ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

చట్టప్రకారం ఆ మాటలో తప్పు లేదు. కానీ ఇన్నాళ్లు నిద్ర మానుకుని పనిచేసినవాళ్లకి ఇవ్వాల్సిన సమాధానం అదేనా అని మనసుకి కష్టంగా ఉంది. మీ అనుభవం రెండు విషయాల్లో కావాలి. నేను చేసిన అనువాదాలు రేపు ఏదైనా ఫోర్క్‌లోకి పట్టుకెళ్లొచ్చా? ఒక మ్యాప్ ప్రాజెక్టులో చేరే ముందు లైసెన్స్ కాకుండా మీరు ఇంకేం చూస్తారు?

కమిట్‌చరిత్ర:
పట్టుకెళ్లొచ్చు. అపాచీ 2.0లో 5వ సెక్షన్ చూడండి. విడిగా ఒప్పందం ఏదీ లేకపోతే మీరు ప్రాజెక్టుకి పంపినదంతా అదే లైసెన్స్ కింద ఇచ్చినట్టు లెక్క. కాబట్టి ఫోర్క్ చేసేవాళ్లు మీ అనువాదాన్ని నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. కాపీరైట్ నోటీసులు తీసేయకూడదు, లైసెన్స్ ప్రతి జతచేయాలి, మార్చిన ఫైళ్లలో మార్చినట్టు రాయాలి. అంతే.

అయితే చేరినప్పుడు సీఎల్‌ఏ ఏమైనా ఒప్పుకున్నారేమో గుర్తు చేసుకోండి. కాంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్ అంటారే, అది. కొన్నింటిలో, మన పనిని రేపు వేరే ఏ లైసెన్స్ కిందైనా విడుదల చేసుకునే హక్కు కంపెనీకి రాసిచ్చేస్తాం. అలాగే 6వ సెక్షన్ కూడా చదవండి. ప్రాజెక్టు పేరు, ట్రేడ్‌మార్క్ వాడుకునే హక్కు ఈ లైసెన్స్ ఇవ్వదు. ఫోర్క్‌కి కోడ్ దక్కుతుంది, పేరు దక్కదు. జనానికి తెలిసేది పేరే కదా.

టైల్‌సర్వర్:
నేను వెబ్ మ్యాప్‌ల వైపు పనిచేస్తాను, అక్కడి సంగతి చెప్తాను. వెబ్ పేజీలో మ్యాప్ చూపించే లైబ్రరీ మ్యాప్‌బాక్స్ జీఎల్ జేఎస్ చాలా ఏళ్లు బీఎస్‌డీ లైసెన్స్ కింద ఉండేది. అది కూడా అపాచీలాగే స్వేచ్ఛగా వాడుకోనిచ్చేదే. 2020 డిసెంబరులో 2.0 వెర్షన్ వచ్చినప్పుడు అది కంపెనీ సొంత షరతుల కిందకి మారింది. టైల్స్ (మ్యాప్ ముక్కలు) మన సర్వర్ నుంచే వస్తున్నా సరే, లైబ్రరీ వాడాలంటే ఆ కంపెనీ ఇచ్చే టోకెన్ (అనుమతి కోడ్) కావాలి. బీఎస్‌డీ కాబట్టి ఎవరి అనుమతీ అడగాల్సిన పని వాళ్లకి లేదు, ఆ హక్కు వాళ్లకి ఉంది. అదే లైసెన్స్ మనల్ని కూడా కాపాడింది. పాత 1.13 వెర్షన్ బీఎస్‌డీ కిందే ఉండిపోయింది కాబట్టి దాని మీద మ్యాప్‌లిబ్రే అనే ఫోర్క్ పుట్టింది.

మేము మారినప్పుడు పని ఎక్కువేం పట్టలేదు. ప్యాకేజీ పేరు మార్చాం, కోడ్‌లో మ్యాప్‌బాక్స్‌జీఎల్ అని ఉన్న ప్రతిచోటా మ్యాప్‌లిబ్రేజీఎల్ అని పెట్టాం, జూమ్ బటన్ల దగ్గర సీఎస్ఎస్ క్లాసుల పేర్లు సరిచేశాం, స్టైల్ ఫైల్లో టైల్స్, ఫాంట్లు, ఐకాన్ల చిరునామాలు మన సర్వర్‌కి తిప్పుకున్నాం. మ్యాప్ ఎప్పటిలాగే వచ్చింది.

అందుకే "ఫోర్క్ చేసుకోండి" అనే మాట నాకు మీ అంత చేదుగా అనిపించదు దారిగీత గారూ. ఫోర్క్ నిలబడగలిగితే అంతకంటే పెద్ద హక్కు లేదు. మ్యాప్‌లిబ్రే నిలబడింది. అమెజాన్, మైక్రోసాఫ్ట్, మెటా లాంటి పెద్ద కంపెనీలు స్పాన్సర్ చేశాయి, పనిచేసేవాళ్లలోంచే ఓటు హక్కున్న సభ్యులు ఉంటారు, వాళ్లు బోర్డుని ఎన్నుకుంటారు.

నడకదారి:
టైల్‌సర్వర్ గారూ, లైబ్రరీ వేరు, యాప్ వేరు. మీది వాడేవాళ్లు డెవలపర్లు. వాళ్లకి ఒక లైన్ మార్చుకోవడం తెలుసు. యాప్ వాడేది మామూలు జనం. అసలు ఫోర్క్ జరిగిందన్న సంగతే వాళ్లకి తెలియదు.

దగ్గర్నుంచి చూసినదాన్ని కాబట్టి చెప్తున్నాను. ఆండ్రాయిడ్ యాప్‌కి ప్యాకేజీ ఐడీ అని ఒకటి, దాన్ని సంతకం చేసే సైనింగ్ కీ అని ఒకటి ఉంటాయి. ఆ కీ ఎవరి దగ్గర ఉంటే వాళ్లే అప్‌డేట్ ఇవ్వగలరు. ఫోర్క్‌కి కొత్త ఐడీ, కొత్త కీ తప్పవు. అంటే ఫోన్ దృష్టిలో అది పూర్తిగా వేరే యాప్. పాత యాప్‌లో దాచుకున్న బుక్‌మార్కులు, నడిచిన ట్రాక్‌లు వాటంతట అవి రావు. కేఎంఎల్ ఫైలుగానో జీపీఎక్స్ ఫైలుగానో ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేసుకోవాలి. డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్‌లు మళ్లీ దించుకోవాలి. స్టోర్‌లో రేటింగులు, రివ్యూలు సున్నా నుంచి మొదలు. మొత్తం కట్టుకున్నాక స్థలం ఎవరి పేరు మీద ఉందో చూసుకున్నట్టు ఉంటుంది మన పరిస్థితి.

మ్యాప్స్.మీ అనే ఆఫ్‌లైన్ మ్యాప్ యాప్ కథే తీసుకోండి. 2014లో మెయిల్.రు గ్రూప్ దాన్ని కొనుక్కుంది, 2015లో కోడ్ ఓపెన్ చేసింది, 2020 చివర్లో ఇంకొక కంపెనీకి అమ్మింది. అప్పుడు మొదట్లో తయారుచేసినవాళ్లలో కొందరు ఆ ఓపెన్ కోడ్ తీసుకుని ఆర్గానిక్ మ్యాప్స్ మొదలుపెట్టారు. 2025లో అదే ఆర్గానిక్ మ్యాప్స్‌లో కాంట్రిబ్యూటర్లు కొందరు బహిరంగ లేఖ రాశారు. ప్రాజెక్టు వెనుక ఉన్నది వాటాదారుల కంపెనీ అనీ, నిర్ణయాలూ డబ్బు లెక్కలూ అందరికీ కనిపించాలనీ వాళ్ల వాదన. దాని తర్వాతే కోమ్యాప్స్ అనే ఫోర్క్ వచ్చింది. ఎవరిది న్యాయం అని నేను తీర్పు చెప్పడం లేదు. కానీ ఒకటి గమనించండి. ఈ రెండుసార్లూ ఫోర్క్ చేసినవాళ్లకి దక్కిన కోడ్ లైసెన్స్ మారలేదు. అపాచీ 2.0 అలాగే ఉంది. తగువంతా యాజమాన్యం దగ్గర, నిర్ణయం ఎవరు తీసుకుంటారన్న దగ్గర.

పటాలపిచ్చి:
చిన్న మాట. మ్యాప్ సాఫ్ట్‌వేర్లలో చాలావరకు ఒకరిద్దరి కష్టం మీద నడిచేవే. వాళ్లని బోర్డు పెట్టు, లెక్కలు చూపించు, ఎన్నికలు జరుపు అంటే ఉన్న ఆసక్తి కూడా పోతుంది. వెబ్ మ్యాప్‌ల లైబ్రరీ లీఫ్‌లెట్ చూడండి. 2011లో ఒక మనిషి మొదలుపెట్టినది, బీఎస్‌డీ లైసెన్స్, ఇన్నేళ్లుగా కోట్లమంది చూసే సైట్లలో పనిచేస్తోంది. నమ్మకం ఉన్నచోట నియమావళి లేకపోయినా నడుస్తుంది.

కమిట్‌చరిత్ర:
పటాలపిచ్చి గారూ, లీఫ్‌లెట్‌కి సర్వర్ల ఖర్చు లేదు, కోట్ల మందికి రోజూ మ్యాప్ ఫైళ్లు పంపాల్సిన పని లేదు. ఆఫ్‌లైన్ యాప్‌కి ఆ ఖర్చు ప్రతి నెలా ఉంటుంది, దానికోసమే విరాళాలు అడుగుతారు. జనం దగ్గర డబ్బు తీసుకున్నాక లెక్క చెప్పడం నియమావళి కోసం కాదు, అది కనీస మర్యాద. ఒక్కడే నడుపుతున్నా సరే.

ఇంకో మాట టైల్‌సర్వర్ గారికి. బీఎస్‌డీ బదులు, మార్చి పంచే కోడ్‌ని కూడా అదే లైసెన్స్ కింద పంచాలనే జీపీఎల్ ఉండి, సీఎల్‌ఏ లేకుండా వందల మంది రాసిన కోడ్ అయ్యుంటే, దాన్ని మూసేయడం ఏ కంపెనీకీ అంత తేలిక కాదు. కంప్యూటర్‌లో మ్యాప్‌లు తయారుచేసే క్యూజీఐఎస్ అలాంటిదే. 2002లో మొదలైంది, జీపీఎల్ వెర్షన్ 2 లేదా ఆ తర్వాతిది. కాపీరైట్ ఎంతోమంది చేతుల్లో చెదిరి ఉంది, అదే దానికి రక్ష. పైన స్విట్జర్లాండ్‌లో రిజిస్టరైన సంఘం, స్టీరింగ్ కమిటీ, దేశాల యూజర్ గ్రూపులకి ఓట్లు, కాంట్రిబ్యూటర్లకి ఓట్లు. లైసెన్సూ పాలనా రెండూ కుదిరిన మ్యాప్ ప్రాజెక్టు ఏది అంటే నేను మొదట చూపించేది దాన్నే.

టైల్‌సర్వర్:
ఒప్పుకోను. జీపీఎల్ అయ్యుంటే ఆ లైబ్రరీని అన్ని కంపెనీలు తమ ఉత్పత్తుల్లో పెట్టుకునేవి కావు, ఇన్ని చేతులు పడేవి కావు. తర్వాత ఫోర్క్‌ని పోషించింది కూడా ఆ కంపెనీలే. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కి సరిపోయిన మందు బ్రౌజర్ లైబ్రరీకి సరిపోదు.

మ్యాప్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన మ్యాప్‌జెన్ కూడా గుర్తుందా? 2018 మొదట్లో ఆ సంస్థ మూతపడింది. కంపెనీ పోయినా దారి చూపే వల్హల్లా రూటింగ్ ఇంజిన్, చిరునామాలు వెతికే పెలియాస్ జియోకోడర్ ఇప్పటికీ బతికే ఉన్నాయి. ఉద్యోగాలు పోయిన ఇంజినీర్లు వేరే కంపెనీల్లో చేరాక కూడా అదే కోడ్ మీద పనిచేయగలిగారు. స్వేచ్ఛగా వాడుకోనిచ్చే లైసెన్స్ వల్ల నేను చూసిన మేలు ఇది.

పాతమ్యాపర్:
కోడ్ గురించే మాట్లాడుతున్నారు, డేటా వైపు జరిగింది కూడా తెలియాలి. జనమే కలిసి గీసే ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో మొదలైంది. మొదట క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ లైసెన్స్. అది రచనలకీ బొమ్మలకీ రాసుకున్నది, డేటాబేస్‌కి సరిగ్గా అతకదు అన్న చర్చ ఏళ్ల తరబడి నడిచి, చివరికి 2012 సెప్టెంబరులో డేటాబేస్‌ల కోసమే రాసిన ఓడీబీఎల్ లైసెన్స్‌కి మారింది.

ఆ మార్పు కోసం ప్రతి మ్యాపర్‌నీ అడిగారు. ఒప్పుకోనివాళ్లు, జవాబివ్వనివాళ్లు గీసినది తీసేయాలి. 2012 జులైలో ఒక బాట్ ఆ పని చేసింది. ఎలాగంటే, ఒక రోడ్డుని నేను సరిచేసి, పేరు పెట్టి, మలుపులు దిద్ది ఉండొచ్చు. కానీ దాని మొదటి వెర్షన్ గీసినాయన ఒప్పుకోకపోతే ఆయన పెట్టిన బిందువులు, ఆయన రాసిన ట్యాగులు పోతాయి. నేను చేర్చినవి ఉంటాయి గానీ, నిలబడ్డానికి వాటికింద రోడ్డు ఉండదు. అలాంటి చోట్ల ముందే వెతికి, శాటిలైట్ చిత్రం చూసి మళ్లీ మొదటినుంచీ గీసుకుంటూ పోయాం. ప్రపంచం మొత్తం మీద చాలా డేటా మిగిలింది. ఆస్ట్రేలియా, పోలండ్ లాంటి చోట్ల దెబ్బ గట్టిగానే తగిలింది. కొందరు మంచి మ్యాపర్లు అప్పుడు వెళ్లిపోయి మళ్లీ రాలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

దాంతోపాటు కాంట్రిబ్యూటర్ టర్మ్స్‌లో ఒక మంచి నిబంధన వచ్చింది. ఇకముందు లైసెన్స్ మార్చాలంటే అది మళ్లీ స్వేచ్ఛాయుతమైన ఓపెన్ లైసెన్సే అయ్యుండాలి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ని చూసుకునే ఫౌండేషన్ సభ్యులు ఓటు వేయాలి, ఆపైన చురుకైన మ్యాపర్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. చురుకైన అంటే ఏమిటో కూడా రాశారు: గత 12 నెలల్లో ఏ మూడు నెలల్లోనైనా ఎడిట్ చేసి ఉండాలి, ఈమెయిల్ పనిచేస్తూ ఉండాలి, అడిగితే మూడు వారాల్లో జవాబివ్వాలి. ఫౌండేషన్ ఒక్కటే కూర్చుని మార్చలేదు. సీఎల్‌ఏ అంటే భయపడేవాళ్లకి నేను ఇది చూపిస్తాను. హక్కు రాసిచ్చినా, దానికి ఇలా కంచె వేసుకోవచ్చు.

దారిగీత:
పాతమ్యాపర్ గారూ, ఇది నాకు తెలియదు, చాలా థాంక్స్. కానీ ఫౌండేషన్ సభ్యత్వమే ఎవరైనా డబ్బు కట్టి గంపగుత్తగా కొనేస్తే?

పాతమ్యాపర్:
ఆ భయం ఉత్తది కాదు. 2018లో ఎన్నికలకి ముందు ఒకే కంపెనీ ఉద్యోగులు సుమారు వంద మంది ఒక్కసారిగా సభ్యులుగా చేరారు. దానిమీద విచారణ జరిగింది, నివేదిక అందరికీ చూపించారు. ఆ తర్వాత ఇంకో తలుపు కూడా తెరిచారు. గత 365 రోజుల్లో 42 రోజులు మ్యాపింగ్ చేసినవాళ్లు రుసుము లేకుండా సభ్యులు కావచ్చు. డబ్బు కట్టలేనివాళ్లకీ ఓటు వచ్చింది, పనిచేసేవాళ్ల బలం కూడా పెరిగింది. గొడవ రాకుండా ఏ సంస్థా ఆపలేదు. వచ్చినప్పుడు నలుగురికీ కనిపించేలా తేల్చిందా లేదా అన్నదే నేను చూసేది.

నడకదారి:
మీ రెండో ప్రశ్నకి నా జవాబు ఇదిగో. స్టోర్ ఖాతా, సైనింగ్ కీ, డొమైన్, విరాళాల ఖాతా, ట్రేడ్‌మార్క్, మ్యాప్ ఫైళ్లు తయారుచేసే సర్వర్. వీటిలో ఒక్కొక్కటి ఎంతమంది చేతిలో ఉందో అడుగుతాను. అన్నీ ఒకే మనిషి దగ్గర ఉండటం నేరం కాదు, కానీ దాచకుండా చెప్పాలి. సర్వర్ సంగతి మాత్రం తప్పకుండా అడగండి. యాప్ కోడ్ ఓపెన్‌గా ఉండి, మ్యాప్ ఫైళ్లు తయారుచేసే పద్ధతి బయటివాళ్లు నడపలేనిదైతే ఆ ఫోర్క్ హక్కు కాగితం మీదే ఉంటుంది.

దారిగీత:
పొద్దున్నే ప్రాజెక్టులో కొత్త ఇష్యూ (చర్చాంశం) తెరిచాను. పాత చర్చ గురించి ఎత్తలేదు, ఎవరినీ నిందించలేదు. నడకదారి గారు చెప్పిన ఆరూ వరుసగా రాసి, "వీటిలో ఒక్కొక్కటి ఎవరి దగ్గర ఉందో రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ పేజీలో) రాస్తే కొత్తగా చేరేవాళ్లకి ఉపయోగం, ఆ పేజీ నేనే రాసిపెడతాను" అన్నాను. ఇద్దరు మెయింటైనర్లు బాగుందన్నారు. అసలు ఖాతాలున్న ఆయన ఇంకా చూడలేదు.

కమిట్‌చరిత్ర:
మంచి పని చేశారు. జవాబు కోసం చూస్తూనే, మీ అనువాదం ఫైలు కమిట్ చరిత్రతో (ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న రికార్డుతో) సహా మీ దగ్గర ఒక ప్రతి ఉంచుకోండి. ఫైలు ఒక్కటీ కాపీ చేసుకుంటే ఏ వాక్యం ఎవరు రాశారో పోతుంది. రెపో (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటు) మొత్తం క్లోన్, అంటే పూర్తి కాపీ, చేసుకుంటే మీతోపాటు తెలుగులో రాసిన మిగతావాళ్ల పేర్లు కూడా ఉంటాయి.

పటాలపిచ్చి:
ఆ రీడ్‌మీ పేజీ తయారయ్యాక ఇక్కడ పెట్టండి. నేను చూసుకునే చిన్న ప్లగిన్‌లో అలాంటిది లేదు. రాయడం కష్టమేమీ కాదనిపిస్తోంది.